గుండు ఎంత దూరం పోతుంది? మొదటి తుపాకీ కొనే మెట్ట రైతుకు కొంత విజ్ఞానం

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో పొలం కాపలా తుపాకుల మాట వచ్చినప్పుడల్లా రెండు సంగతులు చెబుతుంటారు. గుండ్లు చల్లే తుపాకీకి గురి అక్కర్లేదు, ఆ వైపు తిప్పి పేలిస్తే ఏదో ఒకటి తగులుతుంది అనేది మొదటిది. పందికి తగిలింది, తెల్లారి చూస్తే నెత్తురు మరకలు కూడా ఉన్నాయి, పంది మాత్రం కొండెక్కేసింది అనేది రెండోది. మొదటిది నిజమైతే రెండోది జరగకూడదు. మరి రెండూ ఒకే నోటి నుంచి ఎలా వస్తున్నాయి?

జవాబు దూరంలో ఉంది. షాట్‌గన్ అనే ఈ గుండ్ల తుపాకీ పది మీటర్ల దగ్గర ఒక రకం ఆయుధం, నలభై మీటర్ల దగ్గర ఇంకో రకం ఆయుధం, మూడు వందల మీటర్ల అవతల మూడో రకం ప్రమాదం. ఈ తేడా తెలియకుండా కొన్న తుపాకీ పంటను కాపాడదు, పక్క చేలో మంచె మీద పడుకున్న మనిషికి మాత్రం ముప్పు తెస్తుంది. ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల వెలిగొండల అంచున కంది, వేరుశెనగ వేసి రాత్రుళ్లు కాపలా కాసే రైతులు లైసెన్సు గురించి, తుపాకీ గురించి ఆలోచిస్తుంటారు. వాళ్లు దుకాణానికి వెళ్లకముందే ఈ సంగతులు తెలుసుకోవాలని నా కోరిక.

గొట్టంలో సెకనులో 300వ వంతు

రైఫిల్ గొట్టం లోపల మెలిదిరిగిన గాడులు ఉంటాయి. ఒకే ఒక్క గుండు ఆ గాడుల్లో సుడి తిరుగుతూ బయటికొస్తుంది, ఆ సుడి వల్లే దారి తప్పకుండా పోతుంది. షాట్‌గన్ గొట్టం లోపల అద్దంలా నున్నగా ఉంటుంది. అందులోంచి ఒక్కసారే పదుల కొద్దీ, వందల కొద్దీ సీసపు గుండ్లు వెళ్తాయి. వాటిని తిప్పి అదుపులో పెట్టేది ఏదీ లేదు.

తూటాను నిలువుగా కోస్తే నాలుగు అరలు కనిపిస్తాయి. అడుగున ఇత్తడి బిళ్ల, దాని నడుమ చిన్న క్యాప్. పైన మందు. మందు మీద ప్లాస్టిక్‌తోనో నారతోనో చేసిన అడ్డు. అడ్డు మీద గుండ్లు. ట్రిగ్గర్ నొక్కితే పిన్ను క్యాప్‌ను కొడుతుంది, క్యాప్ నిప్పు రాజేస్తుంది, మందు మండి వాయువు అవుతుంది. ఆ వాయువుకు చోటు చాలదు. మామూలు గాలి ఒత్తిడికి ఆరు వందలు, ఏడు వందల రెట్ల ఒత్తిడి పుడుతుంది. అది అడ్డును తోస్తే, అడ్డు గుండ్లను తోస్తుంది. గొట్టం మూతి దాటేసరికి గుండ్ల వేగం సెకనుకు సుమారు 400 మీటర్లు, అంటే ధ్వని కంటే ఎక్కువ. ఇదంతా సెకనులో 300వ వంతులో అయిపోతుంది.

ఆ కాస్త వ్యవధిలోనే గుండ్ల మధ్య తేడాలు వచ్చేస్తాయి. అడుగున ఉన్న గుండ్లు పైవాటి బరువుకు నలుగుతాయి. గొట్టం గోడకు రాసుకున్నవి ఒక పక్క చదును అవుతాయి. గుండ్రంగా మిగిలినవి గాలిని సూటిగా చీల్చుకుపోతాయి, సొట్ట పడినవి పక్కకు తేలిపోతాయి.

విసిరిన వల

సోమశిల జలాశయంలో చేపలు పట్టేవాళ్లు వల విసరడం చూసే ఉంటారు. చేతిలోంచి వదిలినప్పుడు అది ముద్దగా ఉంటుంది. కొంచెం దూరం పోయాక విచ్చుకుంటుంది. మరీ దగ్గర పడితే ముద్దగానే పడుతుంది. గుండ్ల గుంపు కూడా ఇలాగే పోతుంది, కానీ ఒక తేడా ఉంది. వల ఎంత విచ్చుకున్నా కన్నుకూ కన్నుకూ మధ్య ముడి ఉంది కాబట్టి కన్ను పెద్దది కాదు. గుండ్లను కట్టి ఉంచే ముడి లేదు. గుంపు విచ్చుకునే కొద్దీ వాటి మధ్య సందు పెరుగుతూనే ఉంటుంది, చివరికి ఆ సందులోంచి జంతువు జంతువే తప్పించుకుంటుంది.

అంకెల్లో చూద్దాం. మూతి దగ్గర ఏ బిగింపూ లేని గొట్టం నుంచి వచ్చిన గుండ్లు 9 మీటర్ల దగ్గర సుమారు అర మీటరు వెడల్పున పరుచుకుంటాయి. 18 మీటర్ల దగ్గర 80 సెంటీమీటర్లు, 36 మీటర్ల దగ్గర దాదాపు మీటరున్నర. మూతి బాగా బిగించిన గొట్టమైతే 9 మీటర్లకు ఒక జానెడు, 18 మీటర్లకు 40 సెంటీమీటర్లు, 36 మీటర్లకు ఒక మీటరు. గురి అక్కర్లేదనే మాట ఇక్కడే తేలిపోతుంది. చేను గెనెం మీద నుంచి దగ్గర్లో కాల్చినప్పుడు గుంపు జానెడంతే ఉంటుంది. అరడుగు పక్కకు పోతే మొత్తం పక్కకు పోయినట్టే.

ఇప్పుడు పంది లెక్క. పెద్ద జంతువులకు వాడే ఎస్‌జీ తూటాలో గుండ్లు ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి, అంతే. పంది గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు సుమారు 25 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. బిగింపున్న గొట్టంతో 18 మీటర్ల నుంచి సరిగ్గా కొడితే మూడు, నాలుగు గుండ్లు అక్కడ పడతాయి. అదే తుపాకీ, అదే తూటా, 36 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి సగటున ఒక్క గుండు కూడా ఆ చోట పడదు. గుంపు నడుమ గుండ్లు కాస్త చిక్కగా ఉంటాయి కాబట్టి అదృష్టం కొద్దీ ఒకటి తగలొచ్చు. మిగతావి కాలిలోనో, డొక్కలోనో, తొడలోనో దిగుతాయి. మగపందికి భుజాల మీద గట్టి కవచం లాంటి చర్మం కూడా ఉంటుంది. ఆ పంది రాత్రంతా పరిగెత్తి ఎక్కడో పొదలో బాధపడి చస్తుంది, లేదా గాయంతో మనిషి మీదికి వస్తుంది. నెత్తురు మరకలు దొరికి పంది దొరకకపోవడానికి కారణం ఇదే.

> 12 బోర్ అంటే?
> ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు పట్టేంత వెడల్పున్న గొట్టం 12 బోర్. అది సుమారు 18.5 మిల్లీమీటర్లు. 20 బోర్ అంటే అదే పౌనును 20 గుండ్లు చేశారు కాబట్టి గొట్టం సన్నం, సుమారు 15.6 మిల్లీమీటర్లు. అంకె పెరిగితే తుపాకీ చిన్నది. 410 బోర్ మాత్రం ఈ లెక్కలో రాదు, అది అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పిన వెడల్పు.
>
> చోక్ అంటే?
> గొట్టం మూతి దగ్గర చేసే సన్నని బిగింపు. ఫుల్ చోక్‌లో కూడా ఆ బిగింపు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ, అంతే. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయం గీసి అందులో ఎన్ని గుండ్లు పడ్డాయో చూసి దీన్ని కొలుస్తారు. బిగింపు లేకపోతే నూటికి 40, హాఫ్ చోక్‌కు 60, ఫుల్ చోక్‌కు 70. రెండు గొట్టాల తుపాకీలో మామూలుగా కుడి గొట్టానికి తక్కువ చోక్, ఎడమదానికి ఎక్కువ చోక్ ఇస్తారు.

చిన్న గుండు అలిసిపోతుంది, పెద్ద గుండు ఆగదు

గుండు అడ్డుకొలత రెట్టింపు చేస్తే గాలికి ఎదురయ్యే వైశాల్యం నాలుగు రెట్లు అవుతుంది, బరువు మాత్రం ఎనిమిది రెట్లు. అడ్డుకునే గాలి కంటే తోసుకుపోయే బరువు ఎక్కువగా పెరిగింది కాబట్టి పెద్ద గుండు వేగం అంత తొందరగా తగ్గదు. ఆరో నంబరు తూటాలో రెండున్నర మిల్లీమీటర్ల గుండ్లు 280 దాకా ఉంటాయి. అవి 36 మీటర్లు పోయేసరికి వేగం సగానికి పడిపోతుంది. ఎస్‌జీ గుండు ఎనిమిది మిల్లీమీటర్లు దాటి ఉంటుంది, ఒక్కోటి మూడున్నర గ్రాములు. అదే దూరంలో ఒక ఎస్‌జీ గుండు దెబ్బ ఒక ఆరో నంబరు గుండు దెబ్బకు డెబ్బై, ఎనభై రెట్లు ఉంటుంది.

పెద్ద గుండుకు ఇంకో వైపు కూడా ఉంది, దాన్ని మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. జుర్నే అనే ఫ్రెంచి సైనికాధికారి ఒక మోటు సూత్రం చెప్పాడు: గుండు అడ్డుకొలతను అంగుళాల్లో తీసుకుని 2,200తో గుణిస్తే అది గరిష్ఠంగా ఎన్ని గజాలు పోతుందో వస్తుంది. ఆరో నంబరు గుండుకు ఇది 200 మీటర్లు. ఎస్‌జీకి 650 మీటర్లు దాటుతుంది. అంతకంటే పెద్దదైన ఎల్‌జీ గుండుకు ఇంకా ఎక్కువ. పందిని కచ్చితంగా కొట్టగలిగేది పాతిక మీటర్ల లోపు. తప్పిపోయిన గుండు అరకిలోమీటరు అవతల ఇంకా ప్రయాణిస్తూనే ఉంటుంది. మెట్ట చేలల్లో అంత దూరంలో కనీసం రెండు, మూడు మంచెలు ఉంటాయి. కంది ఏపుగా పెరిగినప్పుడు వాటి మీది మనుషులు కనిపించరు.

రాళ్ల సంగతి వేరే చెప్పాలి. ఉదయగిరి చుట్టూ నేలంతా బండరాయి. సీసపు గుండు రాయి మీద ఏటవాలుగా పడితే ఊహించని దిక్కుకు ఎగిరి పోతుంది. నీటి మీద కూడా అంతే. అందువల్ల ఎదురుగా ఉన్న జంతువును చూడటం చాలదు. దాని వెనక గుండును మింగే మట్టి కట్ట ఉందా లేదా చూడాలి. చీకట్లో టార్చి వెలుగు పడినంత మేర మాత్రమే కనిపిస్తుంది, వెనక ఏముందో తెలియదు. కట్ట కనిపించకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు.

కొనేటప్పుడు

నా సలహా ఒకటే: ఖాళీగా ఉందని చూడగానే తెలిసే తుపాకీ కొనండి. మడత విరిచి తెరిచే సింగిల్ బ్యారెల్, డబుల్ బ్యారెల్ తుపాకులు అలాంటివి. విరిస్తే గొట్టంలోంచి అవతలి వెలుగు కనిపిస్తుంది. ఇంట్లో చదువు రాని అవ్వ కూడా అది ఖాళీగా ఉందో లేదో చెప్పగలదు. పంప్ యాక్షన్ రకంలో తూటాలు కింది గొట్టంలో దాక్కుంటాయి, ఒకటి మిగిలిపోయినా బయటికి తెలియదు. వేగంగా ఐదు సార్లు కాల్చే అవసరం కొత్తవాడికి రాదు. బోర్ విషయంలో 12 ఎంచుకోవడం మేలు, తూటాలు తేలిగ్గా దొరుకుతాయి.

తేలిక తుపాకీ సులువని చాలామంది అనుకుంటారు. జరిగేది తిరగబడి ఉంటుంది. గుండ్లు ముందుకు ఎంత తోపుతో పోతే, తుపాకీ వెనక్కి అంతే తోపుతో వస్తుంది. 30 గ్రాముల గుండ్లు సెకనుకు 400 మీటర్లతో పోతే మూడు కిలోల తుపాకీ సెకనుకు కనీసం నాలుగు మీటర్ల వేగంతో వెనక్కి తంతుంది. తుపాకీ బరువు తగ్గితే ఆ వేగం పెరుగుతుంది. తుపాకీ మడమను, అంటే వెనక భాగాన్ని, భుజం గుంటలో గట్టిగా ఆనించాలని చెప్పేది కూడా ఇందుకే. సందు వదిలితే తుపాకీ ఆ సందులో వేగం పుంజుకుని కొడుతుంది. ఆనించి ఉంటే మన ఒంటి బరువు కూడా తుపాకీ బరువుతో కలుస్తుంది. నేర్చుకునేటప్పుడు తక్కువ గుండ్లున్న తూటాలు వాడండి. ఎగిరే మట్టి బిళ్లలను కాల్చే ఒలింపిక్ ట్రాప్ పోటీల్లో వాడేది 24 గ్రాముల తూటానే. హైదరాబాదీ షూటర్ కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం గెలిచింది ఆ ట్రాప్‌లోనే.

షాట్‌గన్‌కు వెనక గురి చూసే గాడి ఉండదు. ఆ పని మీ కన్నే చేస్తుంది. కాబట్టి మడమ పొడవు మీ ఒంటికి కుదరకపోతే ఎంత ఖరీదైన తుపాకీ అయినా దండగ. తుపాకీని చెంపకు తీసుకురావాలి, చెంపను తుపాకీకి వంచకూడదు. అలా ఎత్తినప్పుడు ముక్కుకూ బొటనవేలి కణుపుకూ మధ్య రెండు, మూడు వేళ్ల సందు ఉంటే పొడవు సరిపోయినట్టే. ఏ కన్ను ఏలుతోందో కూడా చూసుకోవాలి. రెండు కళ్లూ తెరిచి, చెయ్యి చాపి, దూరంగా ఉదయగిరి దుర్గం కొమ్మును వేలితో చూపించండి. ఎడమ కన్ను మూయండి. వేలు అక్కడే ఉంటే ఏలేది కుడి కన్ను. పక్కకు జరిగితే ఎడమ కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను ఏలితే గుండ్లు ఎప్పుడూ పక్కకే పోతాయి. ఇది శిక్షకుడికి ముందే చెప్పాలి.

తాతల నాటి తుపాకీ వారసత్వంగా వచ్చిందా? కాల్చే ముందు లైసెన్సున్న తుపాకుల మరమ్మతుదారుకు చూపించండి. పాత తుపాకుల్లో తూటా కూర్చునే గది 65 మిల్లీమీటర్లు ఉండొచ్చు. ఇప్పటి తూటాలు చాలావరకు 70 మిల్లీమీటర్లవి. పొడవైన తూటా అందులో దూరుతుంది, ఎందుకంటే దాని మూతి మడత పెట్టి ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటు చాలక దారి ఇరుకై ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గొట్టం మీద ఒత్తిడి పరీక్ష నెగ్గిందని చెప్పే ప్రూఫ్ ముద్ర ఉందా, ఎంత పొడవు తూటాకు అని రాసి ఉందా చూడాలి. మూతి నుంచి మందు దట్టించే మజిల్ లోడర్ అయితే, ఖాళీ గొట్టంలో దట్టించే కడ్డీ ఎంత లోపలికి పోతుందో దాని మీద గీత పెట్టుకోండి. కడ్డీ అంత లోతుకు పోలేదంటే లోపల మందు ఉన్నట్టే. రెండోసారి మందు పోసి గొట్టం పగలగొట్టుకోవడం ఇలా తప్పుతుంది.

నాటు తుపాకీ జోలికి పోవద్దు. అది చట్టరీత్యా నేరం అనేది ఒక కారణం. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకీకి కనీసం రెండేళ్ల జైలు. రెండో కారణం ఆ గొట్టమే. నీళ్ల కోసమో మరో పని కోసమో చేసిన పైపుకు ఆరు వందల రెట్ల ఒత్తిడి తట్టుకోవాలన్న లెక్క ఎవరూ వేయలేదు. పరీక్షా ఎవరూ చేయలేదు. అది పగిలేది కాల్చేవాడి ఎడమ చేతి దగ్గర, కంటికి జానెడు దూరంలో.

చేతికొచ్చాక

గొట్టం పగిలే ప్రమాదాల్లో ఎక్కువ వాటికి కారణం లోపలి అడ్డంకి. ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్‌లో జమ చేసిన తుపాకీ వారాల తర్వాత ఇంటికి వస్తుంది. వచ్చిన రోజే విరిచి వెలుగులోకి పట్టి చూడండి. కందిరీగ పెట్టిన వేలెడు మట్టిగూడు చాలు. గుండ్ల గుంపు దాన్ని ఢీకొన్న చోట ఒక్క క్షణం తడబడుతుంది, వెనక వాయువు ఆగదు, గొట్టం అక్కడ ఉబ్బుతుంది లేదా చీలుతుంది. గెనెం దాటుతూ జారిపడి మూతి మట్టిలో దిగినా అంతే.

ఇంతకంటే దొంగ ప్రమాదం ఒకటుంది. 12 బోర్ తుపాకీలో పొరపాటున 20 బోర్ తూటా వేస్తే అది సన్నం కాబట్టి లోపలికి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. చూసేవాడికి గది ఖాళీగా కనిపిస్తుంది. వేయడం మరిచిపోయాననుకుని 12 బోర్ తూటా పెట్టి పేలుస్తాడు, గొట్టం పగులుతుంది. అందుకే ప్రపంచమంతా 20 బోర్ తూటాలను పసుపు రంగులో చేయడం ఆనవాయితీ అయింది. ఇంట్లో రెండు బోర్ల తూటాలు ఒకే డబ్బాలో ఉంచకండి.

ట్రిగ్గర్ నొక్కితే టక్ అని శబ్దం వచ్చి పేలకపోతే వెంటనే విరవకండి. తేమ తగిలిన క్యాప్ నిదానంగా రాజుకోవచ్చు. మూతిని మట్టి కట్ట వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగి, ముఖం పక్కకు పెట్టి విరవాలి. సేఫ్టీ మీటను నమ్ముకోవద్దు. చాలా తుపాకుల్లో అది ట్రిగ్గర్‌నే ఆపుతుంది, లోపల సుత్తి ఎక్కుపెట్టే ఉంటుంది. గట్టిగా కిందపడితే జారవచ్చు. మంచె ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తూటాలు జేబులో ఉండాలి, తుపాకీ విరిచి ఉండాలి. ఇంటికొచ్చాక తుపాకీ ఒక తాళం కింద, తూటాలు ఇంకో తాళం కింద ఉండాలి.

చెవుల సంగతి మన రైతులు అసలే పట్టించుకోరు. షాట్‌గన్ శబ్దం 150 డెసిబెల్స్ దాటుతుంది. అంత శబ్దానికి లోపలి చెవిలోని సన్నని రోమకణాలు ఒక్క దెబ్బకే దెబ్బతినొచ్చు, అవి మళ్లీ మొలవవు. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు మందుల షాపులో కూడా దొరుకుతాయి.

> లైసెన్సు ఉంటే పందిని కాల్చొచ్చా?
> కాల్చకూడదు. తుపాకీ ఉంచుకునే అనుమతి వేరు, వన్యప్రాణిని చంపే అనుమతి వేరు.
>
> తుపాకీ లైసెన్సు 1959 ఆయుధ చట్టం కింద కలెక్టర్ ఇస్తారు. వయసు 21 నిండాలి. పంట రక్షణకు చట్టం మొదట చెప్పేది మజిల్ లోడర్‌నే. అది చాలదని అధికారి నమ్మితే 20 అంగుళాలకు తక్కువ కాని గొట్టం ఉన్న నున్నని గొట్టపు తుపాకీకి అనుమతి ఇవ్వొచ్చు. 2019 సవరణతో లైసెన్సు గడువు ఐదేళ్లయింది, ఒకరికి ఉండే తుపాకులు రెండుకు తగ్గాయి. 2016 నియమాలు భద్రతా శిక్షణను లైసెన్సుతో ముడిపెట్టాయి.
>
> అడవి పంది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్‌లో ఉంది. 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్‌లోకి వచ్చింది. పంటకు ప్రమాదంగా మారిందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతిస్తేనే చంపవచ్చు. చంపిన పంది ప్రభుత్వ ఆస్తి, మాంసం పంచుకోవడం నేరం.
>
> పెంచలకోన వైపు పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉన్నవారికి కొత్త తుపాకీ లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి కావాలి. దరఖాస్తు చేసేముందు మీ ఊరు ఆ గీత లోపల ఉందా అని అటవీ శాఖను అడగండి.

ఇంత చదివాక తుపాకీ వద్దనిపిస్తే అదీ మంచి నిర్ణయమే. వేరుశెనగ చుట్టూ ముళ్ల కుసుమనో ఆముదాన్నో నాలుగు వరసలు వేసుకోవడం, సోలార్ కంచె పెట్టుకోవడం చాలా పొలాలకు సరిపోతాయి. మెయిన్ లైన్ నుంచి కరెంటు తీగలు లాగడం మాత్రం మనుషులను చంపుతోంది. దానికంటే పంట పోవడమే నయం.

కాగితం మీద పరీక్ష

తుపాకీ కొన్నవారు లైసెన్సున్న రేంజిలో, శిక్షకుడి ఎదుట ఒక పని తప్పక చేయాలి. మీటరున్నర చదరపు కాగితం నిలబెట్టి, నడుమ చుక్క పెట్టి, మీరు వాడబోయే తూటాతోనే 10, 20, 30 మీటర్ల నుంచి ఒక్కోసారి కొత్త కాగితం మీద కాల్చండి. ఒకే కంపెనీ, ఒకే బోర్ తుపాకులు రెండు కూడా ఒకే తీరున గుండ్లు పరచవు. చోక్‌లో వెంట్రుకవాసి తేడా, తూటాలోని అడ్డు రకం, గుండ్ల గట్టితనం అన్నీ అందులో తేలతాయి. గుంపు నడుమ చుక్క మీదే ఉందా, పైకో పక్కకో పోయిందా చూడండి. పక్కకు పోతే మడమ కుదరలేదనో, కన్ను మోసం చేస్తోందనో అర్థం. తర్వాత 25 సెంటీమీటర్ల వలయాన్ని గుంపు నడుమ పెట్టి లోపల పడిన గుండ్లు లెక్కపెట్టండి. మూడుకు తగ్గిన దూరం మీ తుపాకీకి హద్దు. కొందరి తుపాకీకి అది 20 మీటర్ల దగ్గరే రావచ్చు.

ఆ హద్దును టేపుతో చేలో కొలుచుకోండి. మంచె నుంచి నాలుగు వైపులా అంత దూరంలో ఒక్కో రాయి పాతి సున్నం పూయండి, టార్చి వేస్తే తెల్లగా కనిపిస్తుంది. రాయికి అవతల ఏం కదిలినా డబ్బా మోగించండి, కేకేయండి.